అల్లుడుగారి సెట్టింగులు

మామిడికుదురులో మా మరదలి ఇంట్లో, ముందుగదిలో రోడ్డువైపు కిటికీ కింద గచ్చు మీద నాలుగు గుంటలు పడి ఉన్నాయి. కుట్టుమిషను కాళ్లు ఏళ్ల తరబడి ఆనిన చోటు అది. మిషను ఇప్పుడు అక్కడ లేదు. ఇచ్చెయ్యమని ఆవిడే చెప్పిందని ఇంటిల్లిపాదీ నమ్మారు. ఆవిడ చెప్పలేదు. చెప్పని మాట ఆవిడ చెప్పినట్టు అయిపోవడంలో నాకూ పాత్ర ఉంది. నాకు కంప్యూటర్ పని రాదు, మిషను ఇచ్చిన రోజున నేను ఆ ఊళ్లోనే లేను. అయినా ఉంది. అది రాద్దామనే కూర్చున్నాను.

నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. రాజోలు, అమలాపురం రూటు. "తాటిపాక, నగరం, మామిడికుదురు, పాశర్లపూడి" అని ఫుట్‌బోర్డు మీద నిలబడి కేకేస్తే సంత అవతల ఉన్నవాళ్లు కూడా సంచులు సర్దుకునేవారు. ఇంట్లోనూ అదే గొంతు. "నేను వెనకసీట్లో లేనండీ బాబూ, ఎదురుగానే ఉన్నాను" అని మా ఆవిడ చెవులు మూసుకునేది. ఆదివారం చర్చి ఆరాధనలో పాట ఎత్తుకుంటే పక్కవాళ్లు పుస్తకం చూసుకోవలసిన అవసరం ఉండేది కాదు. అలాంటి గొంతులో పుండు లేచింది. కాకినాడలో ఆపరేషన్ చేసి మాట పుట్టే చోటునే తీసేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. పోయినదాని మీద బెంగ పెట్టుకోకూడదని అందరూ చెప్పారు. గొంతు ఉన్నవాళ్లు ఏమైనా చెబుతారు.

ఇంటికొచ్చాక పిల్లలు దిద్దుకునే పలకా సుద్దముక్కా పట్టుకున్నాను. రాసి చూపిస్తే పని జరిగిపోయేది. కానీ మా ఆవిడ వంటింట్లో వెనక్కి తిరిగి ఉంటే పలక ఎవరికి చూపించను? చప్పట్లు కొట్టేవాణ్ని. ఒకసారి ఆ చప్పట్లకి పక్కింటివాళ్ల కోళ్లన్నీ మా గుమ్మంలోకి వచ్చాయి.

అప్పుడు పూనుకున్నారు మా అల్లుడుగారు. మలికిపురంలో మేడ మీద వాటా అద్దెకి తీసుకుని, ఇంట్లోంచే కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటారు. మా అమ్మాయి, ఆయన ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి భోజనానికి వస్తారు. మనిషి బంగారం, నోట్లోంచి మాట మాత్రం ఊడిపడదు. పెళ్లయిన కొత్తలో నేను ఒక బస్సెడు మాటలు చెబితే ఆయన ఒక నవ్వు నవ్వి ఊరుకునేవారు. నాకు ఆపరేషన్ అయ్యాక చిత్రంగా ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు. మధ్యలో అడ్డుపడే మనిషి లేడు కదా.

ఒక ఆదివారం ఒక టాబ్ తెచ్చి నా ఒళ్లో పెట్టారు. పెద్ద పలక అంత ఉంది. దాని నిండా బొమ్మల మీటలు. గ్లాసు బొమ్మ నొక్కితే "మంచినీళ్లు కావాలండి" అంటుంది. ఫ్యాను బొమ్మ, అన్నం కంచం బొమ్మ, తలనొప్పి బొమ్మ, అడ్డంగా ఊపుతున్న చెయ్యి బొమ్మ నొక్కితే "వద్దండి". అన్నిటికీ గొంతు ఆయనదే. మలికిపురంలో తలుపులేసుకుని ఒక్కొక్క మాటా రికార్డు చేశారట. మా ఆవిడకి నవ్వాగలేదు. "అల్లుడుగారి గొంతుతో మంచినీళ్లు అడుగుతుంటే ఇంక నేను లేవకుండా ఎలా కూర్చోనండీ?" అంది.

ఆయన నా పక్కన కుర్చీ లాక్కుని ఎలా చేశారో చెప్పుకొచ్చారు. ఇలాంటి మీటలూ బొమ్మలూ గీసి పెట్టడానికి ముందే ఎవరో రాసిపెట్టిన సరంజామా ఉంటుందట, దాన్ని లైబ్రరీ అంటారట. అది నడిచేటప్పుడు ఎలా నడవాలో కొన్ని సెట్టింగులు మనం చెప్పాలి. అక్షరం ఎంత ఉండాలి, తెర నిలువా అడ్డమా, వేలు ఎంతసేపు ఆనితే నొక్కినట్టు, ఎంత దూరం కదిలితే బొమ్మల్ని పైకీ కిందకీ జరిపినట్టు. మనం చెప్పనివాటికి లైబ్రరీ తనకి తోచిన అంకె పెట్టేసుకుంటుంది. "ముఖ్యంగా ఒకటండి మావయ్యగారూ, విండో, అంటే ఈ బొమ్మల పేజీ, తెరుచుకోకముందే అన్నీ చెప్పెయ్యాలండి. తెరుచుకున్నాక ఎన్ని చెప్పినా వినదండి. మళ్లీ ఆపేసి మొదటినుంచీ మొదలెట్టాల్సిందే" అన్నారు. ఆయన నాతో అంత పొడుగు మాట్లాడటం అదే మొదలు. నాకు సగం అర్థమైంది, కానీ ఆ మొహంలో వెలుగు చూస్తుంటే ఆపాలనిపించలేదు. ఆపడానికి మాట మాత్రం ఎక్కడుంది?

"వాడి చూడండి మావయ్యగారూ" అన్నారు.

గ్లాసు బొమ్మ మీద వేలు పెట్టాను. గ్లాసు పైకి జారిపోయింది. మళ్లీ పెట్టాను. ఈసారి కంచం వచ్చి, అదీ జారింది. టికెట్లు చించీ చించీ నా చేతికి కొంచెం వణుకు పట్టుకుంది. వేలు ఆనగానే రవ్వంత కదులుతుంది. నేను నొక్కుతున్నానని కాక, బొమ్మల్ని జరుపుతున్నానని అనుకుంటోంది టాబ్. ఉద్యోగం చేసినన్నాళ్లూ జనాన్ని ముందుకి జరగండి, జరగండి అని తరిమాను. ఇప్పుడు నేను ముట్టుకోగానే నా మాటలే జరిగిపోతున్నాయి. చివరికి ఒక మూల ఉన్న మీట మాత్రం తగిలింది. "ఆయ్" అంది అల్లుడుగారి గొంతు.

"బాగుందా అండి?" అని అడిగారు ఆయన.

మళ్లీ అదే నొక్కాను. ఆయ్.

మా వైపు ఆయ్ అంటే మర్యాదగా అవునండి అనడం. ఒప్పుకున్నప్పుడు ఆయ్ అంటాం. ఒప్పుకోకపోయినా, ఎదుటి మనిషి మాట నేలపాలు కాకుండా అందుకోవడానికి కూడా ఆయ్ అంటాం. అందులోనూ అల్లుడు. అల్లుడు తెచ్చినది బాగోలేదని కోనసీమలో ఏ మావగారైనా అన్నాడేమో నాకు తెలీదు. పెళ్లయిన ఏడాది మా అల్లుడుగారు నాకో చొక్కా తెచ్చారు. మెడ బొత్తాం పెడితే కళ్లు బయటికొచ్చేవి. ఊపిరి బిగబట్టి అదే వేసుకుని క్రిస్మస్ ఆరాధన అంతా నిలబడ్డాను. చాలా బాగుందండీ అని మూడు వీధులు వినేలా చెప్పాను. ఇప్పుడు ఈ టాబ్ దగ్గర కొత్తగా నిజాయితీపరుణ్ని ఎలా అవుతాను?

అలా ఆదివారం తర్వాత ఆదివారం గడిచింది. ఆయన రావడం, కొత్త బొమ్మ ఒకటి చేర్చడం, రంగు మార్చడం, "ఇలా బాగుందా అండి?" అనడం, నేను ఆయ్ నొక్కడం. ఒకసారి ఏవో లెక్కలు చూసుకుని, "మీరు ఎక్కువగా వాడేది ఈ మీటేనండి" అన్నారు సంతోషంగా. మరుసటి వారానికి ఆయ్‌ని మూలనుంచి తీసేసి, తెర అడుగున ఈ చివరినుంచి ఆ చివరిదాకా పట్టీలా పరిచేశారు. మిగతా బొమ్మలన్నీ పైన జరుగుతూ ఉంటాయి, ఇది మాత్రం జరగదు. చెయ్యి ఎక్కడ పడేసినా ఆయ్ అంటుంది.

మిగతా ఆరు రోజులూ నేను పలక మీదే బతికాను. ఆదివారం వీధి చివర ఆయన బండి చప్పుడు వినపడగానే పలక దిండు కిందకీ, టాబ్ ఒళ్లోకీ. మా ఆవిడ నెత్తి కొట్టుకునేది. "ఆయనకో మాట చెప్పెయ్యచ్చు కదండీ, ఏం కరిచేస్తారా?" అని అడిగింది. పలక మీద రాశాను: "కష్టపడి చేశారు. చిన్నబుచ్చుకుంటారు." ఆవిడ చదివి, "అదీ నిజమేలెండి" అంది. చూశారా, ఆవిడ కూడా మా వైపుదే.

నా ఒక్కడి సంగతైతే ఇది నవ్వుకునే కథ.

మామిడికుదురు మరదలు మా ఆవిడకి పిన్నమ్మ కూతురు. టైలరు. చుట్టుపక్కల పెళ్లికూతుళ్ల తెల్లగౌన్లు, ఆడవాళ్ల జాకెట్లు ఆ కిటికీ కింద మిషను మీద తయారైనవే. ఇంటి ఎదురుగానే బస్సు ఆగేది. నేను ఫుట్‌బోర్డు మీద కనపడితే మిషను తొక్కడం ఆపకుండానే కిటికీలోంచి కేకేసేది. "బావగారండీ, మీ గొంతుకి నా సూది విరిగిపోయిందండి, కొత్తది కొనిచ్చి వెళ్లండి!" బస్సులో జనం నవ్వేవారు. నేనూ ఏదో ఒకటి అనేవాణ్ని. ఇద్దరం గొంతుల మీద బతికినవాళ్లం.

నా ఆపరేషన్ అయిన మరుసటి ఏడే ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి, మాట పూర్తిగా పోయింది. చెప్పినవన్నీ అర్థమవుతాయి, బదులు మాత్రం రాదు. మేం చూడటానికి వెళ్లినప్పుడు మంచం ముందుగదిలోనే, మిషను పక్కనే వేయించుకుని ఉంది. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. ఎడమచెయ్యి చాపి మిషను చక్రాన్ని మెల్లగా తిప్పుతోంది. గుడ్డ లేదు, దారం లేదు, ఊరికే సూది పైకీ కిందకీ ఆడుతోంది. "రోజూ ఇదేనండి అన్నయ్యగారూ, మధ్యాహ్నం అయ్యేసరికి చక్రం మీద చెయ్యేసేస్తాదండి" అన్నాడు ఆవిడ భర్త. కొబ్బరికాయల వలుపు పనికి వెళ్తాడు, మెత్తని మనిషి. ఎడమచేత్తోనైనా మళ్లీ కుడతానని ఆవిడ ఆశ. అది చెప్పడానికి మాట అక్కర్లేదు, చక్రం తిరగడం చూస్తే చాలు.

ఆ రోజు అల్లుడుగారు మాతోనే ఉన్నారు. ఆవిడని చూసి చలించిపోయారు. మళ్లీ వెళ్లినప్పుడు ఒక టాబ్ పట్టుకొచ్చారు. మా అమ్మాయి గొంతుతో మాటలన్నీ కొత్తగా రికార్డు చేయించారు. సెట్టింగులు మాత్రం ఒక ఫైల్లో ఉంటాయట, నా టాబ్‌లోని ఆ ఫైలే తీసి ఇందులో పెట్టేశానన్నారు. "మావయ్యగారికి బాగా కుదిరిన సెట్టింగులేనండి ఇవి. ఇంక చూసుకోనక్కర్లేదండి" అని మరదలి భర్తతో చెప్పి, నా వైపు తిరిగి, "అంతేగా మావయ్యగారూ?" అన్నారు.

నా టాబ్ నా ఒళ్లో ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు. మరదలు కూడా, ఆశగా.

నేను ఆయ్ నొక్కాను.

ఆ క్షణం నాకు తట్టలేదని ఇప్పుడు సమర్థించుకోవచ్చు. తట్టింది. ఆవిడకి అలవాటు లేని ఎడమచెయ్యి, నాకంటే ఎక్కువ వణుకుతోంది. ఇంటికెళ్లాక పలక మీద రాసి చెబుదాం అనుకున్నాను. ఇంటికెళ్లాక వచ్చే ఆదివారం చూద్దాం అనుకున్నాను. తర్వాత వానలు పట్టాయి, నాకు కాకినాడ పరీక్షలు వచ్చాయి, కొంతకాలం మామిడికుదురు వెళ్లడం పడలేదు. ఫోన్లో అడిగితే "బాగా మాట్లాడేస్తోందండి, ఏది అడిగినా ఆయ్ అంటోందండి" అని మరదలి భర్త మురిసిపోయేవాడు.

చలికాలంలో వెళ్లాం. గుమ్మంలో అడుగుపెట్టగానే కిటికీ కింద ఖాళీ కనపడింది. మంచం వెనకగదిలోకి మారింది. మరదలి జుట్టు భుజాల పైకి కత్తిరించేశారు. మా ఆవిడ ఆ జుట్టు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను పలక తీసి రాశాను: "మిషను ఏది?"

"మా తమ్ముడి కూతురికి ఇచ్చేసేవండి అన్నయ్యగారూ. ఖాళీగా తుప్పు పట్టిపోతోంది కదా అని. దీన్ని అడక్కుండా ఇవ్వలేదండి. ఇచ్చెయ్యమంటావా అనడిగేను. టాబ్‌లో ఆయ్ అంది. మళ్లీ అడిగేను, మళ్లీ ఆయ్ అంది. జుట్టూ అంతేనండి, మంచమూ అంతేనండి. అన్నీ అడిగే చేసేనండి."

తల అడ్డంగా ఊపలేదా అని రాశాను.

"ఊపిందండి. ఏడ్చింది కూడానండి. ఈ జబ్బులో ఊరికే నవ్వుతారు, ఊరికే ఏడుస్తారు, పట్టించుకోకండి అని డాక్టరుగారు చెప్పేరు కదండి. అందుకని మేం మొహం చూడ్డం మానేసి టాబ్ మాటే విన్నావండి. మీ అల్లుడుగారు అంత కష్టపడి చేసిచ్చేరు మరి."

టాబ్ తెచ్చి ఆవిడ ఎడమచేతి దగ్గర పెట్టాను. గ్లాసు బొమ్మ చూపించి నొక్కమని సైగ చేశాను. వేలు ఆనింది, వణికింది, గ్లాసు జారిపోయింది. మళ్లీ వెతికి పట్టుకుంది, మళ్లీ జారింది. ఎత్తి ఉంచలేక చెయ్యి అలసిపోయి కిందకి వాలింది. అడుగున పట్టీ మీద పడింది. "ఆయ్" అంది మా అమ్మాయి గొంతు.

మరదలు నా కళ్లలోకి చూసింది. నేను చూపు తిప్పుకోలేకపోయాను. ఈ జారడం నాకు తెలుసు, మొదటి రోజునుంచీ తెలుసు. ఆ ఇంట్లో ఆవిడ కాక అది స్వయంగా వేలితో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఆ పట్టీ అంత వెడల్పున పరుచుకున్నది కూడా నా మర్యాద వల్లే.

ఆదివారం దాకా ఆగలేదు, నేనే మలికిపురం వెళ్లాను. మేడ మెట్లెక్కి, పని చేసుకుంటున్న అల్లుడుగారి ముందు పలక పెట్టాను. దారిలోనే రాసి ఉంచుకున్నాను, ఎదురుగా కూర్చుంటే చెయ్యి రాదేమోనని. "మొదటి రోజునుంచీ నాకు పనిచెయ్యలేదు. వేలు పెడితే బొమ్మలు జారిపోతాయి. మొహమాటపడి చెప్పలేదు. మామిడికుదురులో ఆవిడకీ జారిపోతున్నాయి, చెయ్యి వాలి ఆయ్ మీద పడుతోంది. అందుకే మిషను పోయింది."

ఆయన చదివారు. మళ్లీ మొదటినుంచీ చదివారు. కోప్పడతారేమో అనుకున్నాను, కోప్పడితే బాగుండును అనుకున్నాను.

"అయితే ఇన్ని ఆదివారాలూ మీరు నాతో మాట్లాడలేదన్నమాటండి" అన్నారు.

ఆయన అన్నది నిజం. మావా అల్లుళ్లం దగ్గరయ్యాం అనుకుంటూ ఆయన కూర్చున్నారు, ఆయన్ని నొప్పించడం లేదు అనుకుంటూ నేను కూర్చున్నాను. ఇద్దరి మధ్యా ఒక మీట తప్ప ఏమీ లేదు.

తర్వాత ఆయన కంప్యూటర్ వైపు తిరిగారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. వేలు ఎంత దూరం కదిలితే జరిపినట్టు అని చెప్పే అంకె ఒకటి. అది ఆయన ఎప్పుడూ ముట్టుకోలేదు, లైబ్రరీ తనంతట పెట్టుకున్న అంకే ఉండిపోయింది. వణుకు లేని చేతుల అంకె. దాన్ని బాగా పెంచారు. వేలు రవ్వంత లేచి మళ్లీ పడినా ఒకే నొక్కుగా లెక్కేసేలా ఇంకో అంకె మార్చారు. ఆయ్ పట్టీని తీసేసి, మిగతా మీటలంత చేసి, వద్దండి మీట పక్కన పెట్టారు. విండో తెరుచుకోకముందే ఇవన్నీ చదివేలా పై వరుసల్లోకి జరిపారు. నేను వెంట తెచ్చిన నా టాబ్‌లో ఆపేసి మళ్లీ నడిపించారు. నేను గ్లాసు మీద వేలు పెట్టాను. "మంచినీళ్లు కావాలండి" అంది. మా అమ్మాయి నా కోసం పెట్టిన టీ ఇంకా చల్లారలేదు. ఇంత చిన్న పని. మొదటి ఆదివారం నేను ఒక్క ముక్క రాసి చూపించి ఉంటే ఆ రోజే అయిపోయేది.

ఇద్దరం ఆయన బండి మీదే మామిడికుదురు వెళ్లాం. మరదలి భర్తకి సంగతంతా అల్లుడుగారే చెప్పారు, తప్పు తనదేనన్నట్టు చెప్పారు. నేను నాది అని గుండె మీద చెయ్యేసి చూపించాను. మరదలి భర్త వింటూ వింటూ వెనకగది గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. మిషను తిరిగి తేవచ్చా అని రాసి చూపిస్తే తల ఊపాడు, అడ్డంగా. ఆ తమ్ముడి కూతురు దాన్ని కొట్లో మార్చేసి మోటారుది తెచ్చుకుందట. పాతది ఇప్పుడు ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

అల్లుడుగారు మరదలి టాబ్‌లోకీ కొత్త ఫైలు ఎక్కించి, దాన్ని ఆవిడ ఎడమచేతి దగ్గర పెట్టి, "ఇప్పుడు నొక్కండి పిన్నిగారూ, ఇంక జారవండి" అన్నారు.

ఆవిడ నమ్మలేదు. టాబ్ వైపు చూడను కూడా చూడలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. కాసేపటికి వేలు ఎత్తింది. బొమ్మల మీద గాల్లోనే తిప్పింది, గ్లాసు దాటింది, కంచం దాటింది. అడ్డంగా ఊపుతున్న చెయ్యి బొమ్మ మీద పెట్టింది. వేలు వణికింది. బొమ్మ కదల్లేదు.

"వద్దండి" అంది టాబ్.

మరదలి భర్త ముందుకొచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. "ఏటే, ఏం వద్దు? మంచం ఇక్కడొద్దా?"

"వద్దండి."

"జుట్టు..." అని ఆగిపోయాడు. ఆవిడ ఆగలేదు.

"వద్దండి."

"మిషను ఇచ్చెయ్యమంటావా అని నేనడిగిన రోజున..."

ఆయన్ని పూర్తి చెయ్యనివ్వలేదు. "వద్దండి."

అల్లుడుగారు గోడవైపు తిరిగారు. అడిగేవాళ్లు ఎవరూ లేకపోయినా ఆవిడ వేలు తియ్యలేదు. నొక్కుతూనే ఉంది.